వేడిమికి త్రోవ

బంజారా హిల్స్ గుట్టల మీదినుండి వాలుగా దిగి, శ్రీనగర్ కాలనీ ప్రధానవీధి మీదుగా పంజగుట్ట కూడలిని చేరు మార్గము పొడవున స్వల్పమే అయినను, మోటారు వాహనమును పరీక్షించుటకు అంతకన్న కఠినమైన తావు హైదరాబాదు నడిబొడ్డున దొరకుట అరుదు. దిగుడులో అడుగడుగునకు బ్రేకు త్రొక్కవలసి వచ్చును. దిగువకు చేరిన పిమ్మట, అమీర్‌పేటనుండియు యూసుఫ్‌గూడనుండియు వచ్చి కలియు బండ్ల నడుమ, ఇంజను తిరుగుచుండగనే కదలక మెదలక నిలువవలసి వచ్చును. వైశాఖమాసపు మధ్యాహ్నమున గాలియే 40 డిగ్రీలు దాటియుండ, క్రింది తారురోడ్డు అంతకు మించి కాగియుండ, గంటకు 250 కిలోమీటర్ల వేగమునకై నిర్మింపబడిన స్పోర్ట్స్ కారు ఆ వరుసలో చిక్కుకొన్నచో, దాని యజమాని కొలదిరోజులకే రెండు ఫిర్యాదులతో మెకానిక్కు ముంగిట నిలుచుట సర్వసాధారణము: ఇంజను వేడెక్కుచున్నది, బ్రేకులు కీచుమనుచున్నవి.

ఈ రెండింటిని వేర్వేరు రోగములుగా భావించి, ఒకదానికై థర్మోస్టాటును, వాటర్ పంపును, రెండవదానికై ప్యాడ్లను, డిస్కులను వరుసగా మార్చుకొనుచు పోవుట మన నగరమున పరిపాటియైనది. మార్చిన భాగములలో దోషయుక్తమైనది కూడ ఉన్నచో బండి బాగుపడును. లేనిచో జేబుకు చిల్లుపడుటయే ఫలము. మోటారుకారు వేడిమిని చలనముగను, ఆ చలనమును తిరిగి వేడిమిగను మార్చు యంత్రము. పెట్రోలు మండుటవలన పుట్టిన శక్తిలో, స్థూలముగా చెప్పినచో, మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పును. మరియొక మూడవ వంతు పొగతోపాటు సైలెన్సరుగుండ వెలికిపోవును. మిగిలినదానిని ఇంజను చుట్టును తిరుగు నీరు మోసికొనిపోయి గాలికి అప్పగింపవలెను. చక్రములను చేరిన భాగము సైతము బ్రేకు త్రొక్కిన తోడనే డిస్కులలో వేడిమియై, అదియు గాలిలోనికే పోవలెను. కనుక ఈ రెండు ఫిర్యాదులకును మూలప్రశ్న యొక్కటే: వేడిమి పోవలసిన త్రోవ ఎక్కడ మూసికొన్నది? ఈ ప్రశ్న వేయకుండ పానా పట్టినవాడు చేయునది వైద్యము కాదని నా దృఢవిశ్వాసము.

ఈ ప్రశ్న మోటారుకారుతోపాటే పుట్టినది. 1886 జనవరి 29వ తేదీన కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడుచక్రముల బండికి నేటి రేడియేటరువంటిది లేదు. సిలిండరు చుట్టును నీటి తొడుగొకటి ఉండెను, ఆ నీరు మరిగి ఆవిరియై పోవుచుండెను, తగ్గినప్పుడెల్ల పోయుచుండవలెను. ఈ పద్ధతి మోటుదిగా తోచవచ్చును గాని, దానిలో భౌతికశాస్త్రమునకు విరుద్ధమైన దేమియు లేదు. ఒక కిలోగ్రాము నీటిని సున్న డిగ్రీలనుండి మరుగు స్థితికి తెచ్చుటకు పట్టు వేడిమికంటె, మరుగుచున్న ఆ నీటినే ఆవిరిగా మార్చుటకు పట్టు వేడిమి అయిదింతలకు పైబడి యుండును. ఆవిరి గొప్ప వాహకము. చిక్కెల్ల, అది పోయినతోడనే నీరును పోవుటలోనే ఉన్నది.

1888 ఆగస్టు మాసమున బెంజ్ భార్య బెర్తా, భర్తకు తెలియజేయకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టినింటికి ఆ బండిపై బయలుదేరినది. దూరము 100 కిలోమీటర్ల పైచిలుకు. దారిపొడవున నీరు కనబడిన చోటనెల్ల ఆగి ఇంజనుకు పోయవలసి వచ్చెను. కొండదిగుళ్ళలో చెక్కబ్రేకులు అరిగిపోగా, ఒక గ్రామములో చెప్పులు కుట్టువానిచేత వాటికి తోలు వేయించినది. ఈనాడు మనము బ్రేకు లైనింగు అనునది ఆ తోలుముక్కతో ఆరంభమైనదని యంత్రచరిత్రకారులు చెప్పుదురు. ఇంజను వేడియు, బ్రేకుల అరుగుదలయు మొదటి దూరప్రయాణముననే జంటగా ఎదురైనవనియు, వానిని రెండింటిని దారిలోనే కనిపెట్టి సరిదిద్దినది ఒక గృహిణి యనియు మన బడిపుస్తకములలో వ్రాయవలసియున్నది.

నీటిని పోగొట్టుకొనక వేడిమిని మాత్రము పోగొట్టు ఉపాయము విల్హెల్మ్ మైబాక్ అను మేటి ఇంజనీరు చేతిలో పరిణతి పొందినది. 1900 సంవత్సరాంతమున ఎమిల్ యెలినెక్ అను వర్తకుని కోరికపై తయారై, అతని కూతురి పేరిట మెర్సిడెస్ అని పిలువబడిన 35 అశ్వశక్తి కారునకు, మైబాక్ తేనెపట్టు రేడియేటరును అమర్చెను. ప్రక్కకు 6 మిల్లీమీటర్ల కొలతగల 8,070 చతురస్రపు సన్నగొట్టములను ఒకదానినొకటి అంటునట్లు పేర్చి, వాటిలోపలినుండి గాలియు, వాటి నడిమి సందులనుండి నీరును పోవునట్లు అతడు కూర్చెను. వెనుక ఒక ఫ్యానును బిగించెను. అంతకుముందు 18 లీటర్లు కావలసిన నీరు దీనితో 9 లీటర్లకు తగ్గెను. లోహపు ఉపరితలమును ఎన్నోరెట్లు పెంచి, గాలికి వేడిమిని అందుకొను అవకాశమును కల్పించుటయే ఇందలి మర్మము. 1901 మార్చిలో నీస్ నగరపు పందెములలో ఆ కారు తక్కిన వాటినన్నిటిని వెనుకకు నెట్టినది. నేటికిని దాదాపు ప్రతి కారు ముక్కు వెనుక నిలిచియున్నది ఆ తేనెపట్టు సంతతియే.

ఆ రేడియేటరు చుట్టును అల్లుకొన్న పరికరములు కొన్ని కలవు. ఇంజను చల్లగానున్నప్పుడు నీటిని రేడియేటరువైపు పోనీయక, 85, 90 డిగ్రీల ప్రాంతమున లోపలి మైనము కరగి వ్యాకోచించుటతో తెరచుకొను థర్మోస్టాటు వాల్వు ఒకటి; నీటిని త్రిప్పు పంపు రెండవది; చూపునకు అల్పముగా నున్న రేడియేటరు మూత మూడవది. ఈ మూతను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైనున్నందున ఇచట తెరచిన పాత్రలో నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగును. మూతలోని స్ప్రింగు నీటిపై ఒక వాతావరణపు అదనపు పీడనమును నిలుపుటచేత ఆ అవధి 120 వరకు జరుగును; నీటితో సమానముగా గ్లైకాల్ కలిపినచో దాదాపు 130 వరకు పోవును. గడ్డకట్టు చలి ఎరుగని మన సీమకు గ్లైకాల్ కలిసిన కూలెంటు ఎందులకని వాదించువారు ఈ లెక్కను మరచుచున్నారు. త్రుప్పును అడ్డుటయు, మరుగును వెనుకకు నెట్టుటయు దాని పనులలో ముఖ్యమైనవి. మూత రబ్బరు పాడైనచో, తక్కినవన్నియు క్రొత్తవైనను, బండి పొంగి తీరును.

ఇక స్పోర్ట్స్ కారు చరిత్రలో రోగనిర్ణయమునకు పాఠ్యగ్రంథమువంటి ఘట్టమును చెప్పెదను. 1951లో ఫ్రాన్సు దేశపు ల మాన్ 24 గంటల పందెమును జాగ్వార్ సంస్థవారి సి-టైప్ కారు గెలిచినది. మరుసటి ఏడు మే మాసమున ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా పందెములో మెర్సిడెస్ వారి 300 ఎస్.ఎల్. వేగమును కన్నులార చూచిన జాగ్వార్ సారథి స్టర్లింగ్ మాస్, ఇంకను వేగము లేనిదే ల మాన్‌లో గెలువలేమని యజమానులకు తెలియజేసెను. విమాననిర్మాణశాలలో పనిచేసి వచ్చిన మాల్కమ్ సేయర్ హుటాహుటిన కారు ముక్కును పొడిగించి, క్రిందికి వంచి, గాలిని చీల్చుకొనిపోవునట్లు తీర్చెను. వంగిన ముక్కులో పాత రేడియేటరు ఇమడదు గనుక శీతలీకరణ వ్యవస్థను కూడ మార్చిరి. 1952 జూన్‌లో బయలుదేరిన మూడు జాగ్వార్లును తొలి కొద్ది గంటలలోనే విరమించుకొనవలసి వచ్చెను. వేడిమియే వాని ఓటమికి కారణమని లోకము చెప్పుకొనెను.

చూచినవారందరును నేరమును ఆ వంగిన ముక్కుపై మోపిరి. కంటికి కనబడు మార్పు అదియే గదా! కాని కర్మాగారమునకు తిరిగి వచ్చి శాంతముగా పరీక్షించినప్పుడు తేలినది వేరు. నీటిపంపును త్రిప్పు పుల్లీ ఉండవలసినదానికంటె చిన్నదగుటచే పంపు మితిమీరిన వేగమున తిరిగి, రెక్కల వెనుక పీడనము పడిపోయి, నీటిలో బుడగలు పుట్టి, ప్రవాహము కుంటుపడుచుండెను. అదిగాక నీటితొట్టిని రేడియేటరునకు దూరముగా జరిపి, నడుమ అంగుళములో ఎనిమిదవ వంతులు ఏడు మాత్రమే వ్యాసముగల గొట్టములు వేసిరి. పుల్లీని పెద్దదిచేసి, గొట్టములను ఒకటింబావు అంగుళమునకు పెంచినంతనే ఆ వంగిన ముక్కుతోనే కారు చల్లగా నడచినది! వేడిమి గాలిలోనికి పోలేకపోవుటచే కాదు, గాలివరకు చేరలేకపోవుటచేతనే ఆ పందెము పోయినది. త్రోవ రెండు అంచెలది, లోహమునుండి నీటికి, నీటినుండి గాలికి. ఏ అంచె తెగినదో తెలియక ముక్కును కోసివేసినచో రోగము అట్లే నిలిచి యుండెడిది.

ఈ వివేకమునకు ల మాన్ వరకు పోనక్కరలేదు. ఎల్లారెడ్డిగూడ సందులలోని ఒక షెడ్డులో, ఎర్రని రెండు తలుపుల కారును తెచ్చిన యువకునితో, నెరసిన గడ్డపు ఉస్తాదు సాగించిన సంభాషణను నేను ప్రక్కన నిలిచి వింటిని. యువకుడు ఫ్యాను మార్పింపవలెనని నిశ్చయించుకొనియే వచ్చినాడు.

"ఎప్పుడు గరమైతున్నది సార్? ట్రాఫిక్‌ల నిలబడ్డప్పుడా, ఉరికేటప్పుడా?"

"రింగురోడ్డు మీద నూరు దాటితేనే ఉస్తాద్. ఊళ్ళో ఎంతసేపు నిలబడ్డా ముల్లు నడిమిట్లనే ఉంటది."

"అట్లయితే ఫ్యాను జోలికి పోవుడెందుకు? ఫ్యాను మంచిగున్నది కాబట్టే ఊళ్ళె బండి సల్లగున్నది."

బోనెట్టు కూడ ఎత్తకయే సగము రోగనిర్ణయము ముగిసినది. బండి నిలిచియున్నప్పుడు గాలిని లాగునది ఫ్యాను. పరుగులో గాలి దానంతట అదియే ముక్కులోనికి చొచ్చుకొనివచ్చును. కనుక నిలకడలో కాగి పరుగులో చల్లబడు బండికి ఫ్యానునో, దాని ఫ్యూజునో, రిలేనో, వేడిమిని కనిపెట్టు సెన్సరునో అనుమానింపవలెను. నిలకడలో బాగుండి పరుగులో కాగు బండికి గాలిదారినో, నీటి ప్రవాహమునో శంకింపవలెను. ఉస్తాదు చల్లబడిన ఇంజనులో కూలెంటు మట్టము చూచెను. ఇంజను తిప్పించి, పై గొట్టమును, క్రింది గొట్టమును ఒకదానివెంట ఒకటిగా తాకెను. పైది కాగి క్రిందిది చల్లగానే నిలిచినచో థర్మోస్టాటు తెరచుకొనలేదనియో, రేడియేటరు పూడినదనియో అర్థము. రెండును క్రమముగా వేడెక్కినవి. అప్పుడతడు టార్చిలైటు పట్టుకొని నేలపై వెల్లకిల పండుకొని, కారు ముక్కు క్రిందికి జరిగెను. అచట ఉండవలసిన నల్లని ప్లాస్టిక్ పలక లేదు. దానిని బిగించిన మేకులచుట్టు చిరిగిన అంచులు మాత్రము వ్రేలాడుచుండెను.

నేలకు జానెడైనను లేని ఎత్తున నడచు ఇట్టి కార్లకు మన వీధులలోని స్పీడు బ్రేకర్లు చేయు అపకారము ఇది. ముక్కు అడుగున ఉండు ఆ పలక అలంకారము కాదు. అది క్రిందినుండి వచ్చు గాలిని అడ్డగించి, రేడియేటరునకు వెనుకవైపున పీడనము తగ్గియుండునట్లు చేయును. ముందు ఎక్కువ, వెనుక తక్కువ అగు ఈ పీడనభేదమే గాలిని రేడియేటరు గుండ నడుపును. పలక ఊడినచో క్రిందినుండి దూరిన గాలి వెనుక నిండి, ముందునుండి వచ్చు గాలికి ఎదురు నిలుచును. వేగము హెచ్చినకొలది ఈ అడ్డంకియు హెచ్చును. ఎంత కారణము ఎంత అల్పవస్తువులో దాగియున్నది! క్రొత్త పలక వచ్చువరకు బండిని రింగురోడ్డు ఎక్కింపవలదని చెప్పి ఉస్తాదు లేచెను.

తక్కిన కారణములలో మన నగరమునకు ప్రత్యేకమైనది బోరునీరు. దక్కను పీఠభూమి రాతిపొరల గుండ ఊరివచ్చు నీటిలో సున్నపు లవణములు దండిగా ఉండుట, ఇంటి గీజరు విప్పి చూచినవారికెల్ల తెలిసినదే. అట్టి నీటినే డబ్బాతో రేడియేటరులో పోయుచు వచ్చినచో, సన్నగొట్టముల లోపల తెల్లని పొర పేరుకొనును. లోహముతో పోల్చినచో ఆ పొర వేడిమిని ఎంతో మందముగా ప్రసరింపజేయును. పైవైపున ధూళియు, ఎండుటాకులును ఏ.సి. కండెన్సరునకును రేడియేటరునకును నడుమ ఇరుకుకొని గాలిని మూసివేయును. ఇంజను వెనుకను, రేడియేటరు ముందును ఉన్న కార్లలో, నిడుపాటి గొట్టముల వంపులలో గాలిబుడగ నిలిచి నీటిని ఆపుటయు కలదు. స్వేదనజలముతో కలిపిన కూలెంటును పోసి, గాలిని పూర్తిగా వెడలగొట్టుట ఓపికతో కూడిన పనియే గాని తప్పనిసరియైనది.

అన్నిటికంటె భయంకరమైనది, ఇంజనుకును దాని తలకును నడుమనుండు హెడ్ గ్యాస్కెట్ అను పొర పోవుట. సిలిండరులోని జ్వాల 2,000 డిగ్రీలు దాటును; ఇంజను తలకు వాడు అల్యూమినియపు మిశ్రమలోహము 660 డిగ్రీలకు లోపుననే కరగును; ఈ రెండింటి నడుమ మర్యాదను కాపాడునది ఆ నీటి ప్రవాహమే. ముల్లు ఎర్రగీత దాటిన పిమ్మట బండిని ఇంకొక కిలోమీటరు నడిపినవాడు ఇంజనుకు చేయు హాని, ఏండ్ల తరబడి జరుగు అరుగుదలకు మించినది. కారుట కనబడకయే కూలెంటు తగ్గుచుండుట, సైలెన్సరునుండి తీపివాసనగల తెల్లని పొగ, ఆయిలు మూత క్రింద మీగడవంటి నురుగు, కూలెంటు తొట్టిలో ఎడతెగని బుడగలు దీని లక్షణములు. తొట్టిపైని గాలిని ఒక నీలిరంగు రసాయనముగుండ పీల్చినప్పుడు అది పసుపునకు తిరిగినచో, దహనవాయువు నీటిలోనికి చొరబడినట్లు రూఢి. ముల్లు పైకెక్కినప్పుడు ఏ.సి. ఆపి, బండిని ప్రక్కకు తీసి, ఇంజనును ఆర్పి, చల్లారువరకు మూతను తాకకుండుట ప్రతి సారథియు ఎరుగవలసిన విషయము. పీడనముతో ఎగసిన ఆ మరుగునీటివలన ముఖములు కాలినవారు కలరు.

ఇక బ్రేకుల కథ. డిస్కుబ్రేకు ఎంత పాతదో దాని రొదయు అంతే పాతది. 1902లో ఇంగ్లండున ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కుబ్రేకునకు పేటెంటు పొందినాడు. డిస్కును పట్టు దవడలకు రాగి పొదిగించెను. రాగి లోహమును రాచుకొనగా పుట్టిన ధ్వని చెవులు చిల్లులుపడునంతటిదై, ఆ ఉత్తమావిష్కరణ జనాదరణమునకు నోచుకొనక మూలపడెను. 1907 ప్రాంతమున హెర్బర్ట్ ఫ్రూడ్ రాతినారతో లైనింగు చేసి ఆ రొదను అణచెను. అటుపిమ్మట ముప్పాతిక శతాబ్దము బ్రేకులను ఏలినది రాతినారయే. మన కడప సీమలో పులివెందుల ప్రాంతపు గనులు ఈ రాతినారకు పేరుమోసినవి. వేడిమికి చలింపని ఆ నార ధూళి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమగునని వైద్యులు నిరూపించిన తరువాత, లోకము దానిని క్రమక్రమముగా విడిచినది.

నేటి ప్యాడులో ఏమేమి యున్నవో వినినచో తెలుగువానికి ఆశ్చర్యము కలుగక మానదు. ఇనుప పీచు, గ్రాఫైటు, కృత్రిమ నారలు, వీనినన్నిటిని బంధించు జిగురు, పూరకద్రవ్యముగా ముగ్గురాయి. ముగ్గురాయికి ప్రపంచమున మిక్కిలి పెద్ద నిక్షేపములలో ఒకటి కడప సీమలోని మంగంపేటలో ఉన్నది. ఘర్షణను నిలకడగా ఉంచుటకును, రొదను మ్రింగుటకును జీడిగింజ పెంకునూనెను గట్టిపరచి పొడిచేసి కలుపుదురు. పలాస జీడిపప్పు తిన్నవారెవరైన, ఆ పెంకులోని ఘాటైన నూనె స్పోర్ట్స్ కారు చక్రములో ఉద్యోగము చేయునని ఊహించి యుందురా? ఈ ద్రవ్యముల పాళ్ళు కొలదిగా మారినను పట్టు మారును, ధ్వనియు మారును. మెత్తని ప్యాడు నిశ్శబ్దముగా త్వరగా అరుగును, పందెములకై చేసిన కఠినమైన ప్యాడు చల్లగానున్నంతవరకు కీచుమనుచునే యుండును. అట్టి ప్యాడ్లు వేయించుకొని శ్రీనగర్ కాలనీలో నిశ్శబ్దమును కోరుట యుక్తము కాదు.

డిస్కుబ్రేకునకు పునర్జన్మ నిచ్చినది కూడ ఆ సి-టైప్ కారే. డన్‌లప్ సంస్థతో కలసి జాగ్వార్ వారు అభివృద్ధిచేసిన డిస్కులతో, ల మాన్ పరాభవమునకు రెండు వారముల తరువాత రీమ్స్ పందెమున స్టర్లింగ్ మాస్ విజయము సాధించెను. 1953లో ల మాన్‌కు డిస్కులతో తిరిగివచ్చిన సి-టైప్‌లు మొదటి, రెండవ, నాలుగవ స్థానములను గెలుచుకొన్నవి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్‌లు నడిపిన కారు ఆ పందెమున మొట్టమొదటిసారిగా గంటకు 100 మైళ్ళకు మించిన సగటు వేగమును నెలకొల్పినది. పాత పద్ధతి డ్రమ్ముబ్రేకు మూసియున్నది గనుక వేడిమి లోపలనే నిలిచి పట్టు సడలును. డిస్కు తెరచియున్నది గనుక గాలి దానిని నేరుగా తాకును. 1,500 కిలోగ్రాముల కారు 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కమారు ఆగినప్పుడు బ్రేకులలో పుట్టు వేడిమి, 30 డిగ్రీల నీటిని రెండు లీటర్లు మరగించుటకు చాలును. 200 నుండి ఆగినచో ఎనిమిది లీటర్లకు.

అయితే ధ్వని ఎందులకు పుట్టును? ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలుపై కమాను నడచునప్పుడు జరుగునదే ఇచటను జరుగును. కమాను తంతిని అంటుకొని కొంత లాగికొనిపోవును, పట్టు తప్పి తంతి వెనుకకు జారును, మరల అంటుకొనును. ఈ అంటుటయు జారుటయు సెకనుకు వందలసార్లు జరుగగా స్వరము వెలువడును. ప్యాడునకు డిస్కునకు నడుమ ఇదే క్రియ సెకనుకు వేలసార్లు జరిగి, డిస్కును, దానిని పట్టు దవడయగు క్యాలిపరును కంపింపజేయును. పట్టు తేలికగా, వేగము మెల్లగా నున్నప్పుడు ఈ కంపనమునకు అనుకూలత హెచ్చు గనుకనే, పెనువేగమున మౌనముగా నుండు కారు కూడలిని సమీపించునప్పుడు అరచును. కీచుధ్వని తనంతట ప్రమాదసూచకము కాదు. ప్యాడు 2, 3 మిల్లీమీటర్లకు అరిగినప్పుడు డిస్కును తాకి అరచునట్లు కావలెనని అమర్చిన రేకు వేరు. లైనింగు పూర్తిగా పోయి ఇనుము ఇనుమును గీరు గరగరధ్వని వేరు, దానితో ఇక ప్రయాణము కూడదు. పెడలు కాలిక్రింద అదరుట డిస్కు మందములోని హెచ్చుతగ్గులకు గుర్తు. బ్రేకు త్రొక్కకున్నను వినబడు హోరు తరచుగా బేరింగుది.

ఎర్రకారునకు ఈ రెండవ ఫిర్యాదును ఉండెను. ఉస్తాదు చక్రము విప్పి చూపగా ప్యాడ్లు దళసరిగానే ఉన్నవి, అవి క్రొత్తవి. కాని వాటి వెనుక ఉండవలసిన పలుచని కంపననిరోధక రేకులను ఎవరో పాతవాటితోపాటు పారవేసినారు. క్యాలిపరు జారుడుపిన్నులు ఎండి బిగిసినవి. అందుచే ఒక ప్యాడు డిస్కును విడువక రాచుకొనుచు, అద్దమువలె మెరయుచున్నది. రేకులు వేసి, పిన్నులకును ప్యాడు వీపునకును వేడిమికి కరగని గ్రీజు పూసి, ముఖమును ఉప్పుకాగితముతో గరుకుచేసి, అరువది వేగమునుండి ఇరువదికి పలుమారులు నెమ్మదిగా దింపి, నడుమ పూర్తిగా ఆపక, పిమ్మట చల్లారనిమ్మని చెప్పెను. రాచుకొను బ్రేకు ధ్వనితో సరిపెట్టుకొనదు. అది ఇంజనుపై అదనపు భారమై దాని వేడిమినికూడ పెంచును. నాలుగు చక్రములలో ఒకటి మాత్రమే కాగియున్నదేమో వేడిమి కొలుచు సాధనముతో చూచుట, రెండు ఫిర్యాదులకును ఉమ్మడియైన పరీక్ష.

శబ్దము లేని బ్రేకు వైఫల్యమే శబ్దముకంటె ఘోరము. 1944లో తెరచిన తిరుమల మొదటి ఘాటురోడ్డు నేడు దిగుటకే కేటాయింపబడినది. ఆ వంపులలో కాలు తీయక బ్రేకుపైననే ఉంచువారి బండ్లనుండి కమరువాసన సోకని యాత్రికుడు లేడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 4 రకమునకు క్రొత్తలో 230 డిగ్రీలుండవలసిన మరుగు అవధి, తడి చేరిన పిమ్మట 155 వరకు దిగవచ్చును. గొట్టములో అది మరిగి ఆవిరియైనచో, ద్రవమువలె ఆవిరి పీడనమును మోయదు గనుక పెడలు నేలకు అంటును. రెండేండ్లకొకమారు ఆయిలు మార్చుటయు, దిగుడులో రెండవ గేరు వేసి వేగమును ఇంజనుకే అప్పగించుటయు దీనికి విరుగుడు.

బ్రేకులో వేడిమిని పుట్టనీయని ఉపాయమును కూడ మన నగరము చూచినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున, శ్రీనగర్ కాలనీకి కొలది కిలోమీటర్ల దూరమున, విద్యుత్తుతో నడచు కార్ల పోటీయగు ఫార్ములా-ఇలో భారతదేశపు తొలి పందెము జరిగినది. 2.83 కిలోమీటర్ల ఆ వీధిపథమున జాన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ మూడవతరపు విద్యుత్‌కార్లకు, అత్యవసరమునకై చేర్చిన ఏర్పాటు తప్ప, వెనుక చక్రములకు ఘర్షణబ్రేకులు లేవు. మోటార్లే జనరేటర్లుగా మారి, చలనశక్తిని 600 కిలోవాట్ల రేటు వరకు తిరిగి బ్యాటరీకి చేర్చుచుండెను. 137 ఏండ్లుగా గాలిపాలైన వేడిమిని పుట్టనీయకనే పట్టుకొనుట ఇందలి విశేషము. ఐనను బ్యాటరీయు, మోటార్లును కాగుచునే యుండును. వానిని చల్లబరచుటకు ద్రవమును, రేడియేటరును మరల అవసరమే.

ఇప్పుడు పంజగుట్ట కూడలిలో సాధారణ విద్యుత్‌కార్లును కొల్లలు. వాటి యజమానులు కొందరు వానకాలపు ఉదయములలో బ్రేకులు గరగరమనుచున్నవని ఆందోళనతో వచ్చుచున్నారు. మోటారే వేగమును తగ్గించుటచే డిస్కులకు పనిలేక, రాత్రి తడికి వాటిపై పలుచని త్రుప్పు పట్టును. మొదటి నాలుగయిదు మారులు బ్రేకును కాస్త గట్టిగా త్రొక్కినంతనే అది తుడిచిపెట్టుకొనిపోవును. అందులకై ప్యాడ్లు మార్పింపవలసిన పనిలేదు. కాని ఏడాదికొకమారు చక్రములు విప్పించి, పనిలేక జారుడుపిన్నులు బిగిసినవేమో చూపించుకొనవలెను.